శాస్త్రీయ గణన: పరిశోధకుల అవసరాలు, ప్రోగ్రామింగ్ భాషల తీరు

ప్రయోగశాలలో తేలిన కొలతలను, కాగితం మీది సమీకరణాలను కంప్యూటర్ చేత లెక్కకట్టించే పనికి శాస్త్రీయ గణన అని పేరు. ఆ పని కోసం పుట్టిన భాషల చరిత్రకు డెబ్బై ఏళ్లు దాటాయి. ఈ కథను సాధారణంగా కంప్యూటర్ కంపెనీల వైపు నుంచో, కంప్యూటర్ సైన్స్ విభాగాల వైపు నుంచో చెబుతారు. లోహంతో పనిచేసేవాళ్ల వైపు నుంచి చూస్తే అది కాస్త వేరుగా కనిపిస్తుంది. అలా చూడటానికి జార్ఖండ్‌లోని ఆదిత్యపూర్ అనువైన చోటు. ఖర్కాయి నదికి ఒక ఒడ్డున ఉక్కు నగరం జంషెడ్‌పూర్, ఇవతలి ఒడ్డున సరాయికేలా-ఖర్సావాన్ జిల్లాకు చెందిన ఆదిత్యపూర్. తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్న ప్రాంతమే ఇది. 1960లో ప్రాంతీయ సాంకేతిక విద్యాసంస్థగా మొదలై 2002లో ఎన్ఐటీ జంషెడ్‌పూర్‌గా మారిన విద్యాసంస్థ ఉన్నది ఆదిత్యపూర్‌లోనే. నది దాటితే బర్మామైన్స్‌లో, 1950 నవంబరు 26న నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశోధన ప్రయోగశాల, ఎన్ఎంఎల్. ఇక ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడ నిండా వాహనాల విడిభాగాలు పోతపోసే, ఫోర్జింగ్ చేసే, ప్రెస్సుల కింద వంచే యూనిట్లు. ఇలాంటి చోట రాసే ప్రోగ్రాముల్లో చాలా భాగం ఎవరికీ అమ్మడానికి రాసినవి కావు. కొలిమి, థర్మోకపుల్, టెన్సైల్ మెషీన్ లాగా ప్రోగ్రాం కూడా కొలత పరికరంలో ఒక భాగం. పరికరం తప్పు చూపిస్తే లోహం గురించిన నిర్ణయమే తప్పిపోతుంది. శాస్త్రవేత్తల మన్నన పొందిన భాషలన్నీ సూత్రానికీ కోడ్‌కీ మధ్య దూరం తగ్గించి, పాత కోడ్‌ను పారేయకుండా ఉండి నెగ్గాయి. అయితే ఒక అంకె ఏ ప్రమాణంలో ఉంది, ఎక్కడి నుంచి వచ్చింది అన్న జ్ఞానాన్ని మోసే బాధ్యతను వాటిలో దాదాపు ఏదీ తలకెత్తుకోలేదు. ఈ వ్యాసం వాదన అదే.

ముందు ఒక చిన్న లెక్క దగ్గర ఆగుదాం. ఎక్కువ వేడిలో, స్థిరమైన బరువు కింద లోహం నెమ్మదిగా సాగుతూ పోయి చివరికి తెగుతుంది. దీన్ని క్రీప్ అంటారు. థర్మల్ విద్యుత్ కేంద్రాల బాయిలర్ గొట్టాలకు ఆయుష్షు కట్టేది దీన్నిబట్టే. ముప్పై ఏళ్లు ఆగి చూడటం కుదరదు కాబట్టి, ఎక్కువ ఉష్ణోగ్రతలో తక్కువ కాలం పరీక్షించి, తక్కువ ఉష్ణోగ్రతలో ఎంతకాలం మన్నుతుందో అంచనా వేస్తారు. అందుకు 1952లో లార్సన్, మిల్లర్ ఇచ్చిన సూత్రం నేటికీ వాడుకలో ఉంది: ఉష్ణోగ్రతను కెల్విన్లలో తీసుకుని, తెగడానికి పట్టిన గంటల సంవర్గమానానికి 20 కలిపి, ఆ రెంటినీ గుణించాలి. ఒకే ప్రతిబలం కింద ఆ లబ్ధం మారదని సూత్రం చెబుతుంది. ఒక ఉక్కు ముక్క 600 డిగ్రీల సెల్సియస్ వద్ద 10,000 గంటలకు తెగిందనుకుందాం. అదే ప్రతిబలం కింద 550 డిగ్రీల వద్ద ఎంతకాలం నిలుస్తుంది? సరిగ్గా లెక్కిస్తే సుమారు 2,87,000 గంటలు, అంటే దాదాపు 33 ఏళ్లు. సెల్సియస్‌ను కెల్విన్‌లోకి మార్చడం మరచిపోతే 15,20,000 గంటలు, 173 ఏళ్లు. దశాంశ సంవర్గమానానికి బదులు సహజ సంవర్గమానం పడితే 59,000 గంటలు, అంటే ఏడేళ్లలోపే. మూడూ చూడటానికి నమ్మదగిన అంకెలే. కంప్యూటర్ మూడింటినీ ఒకే ధీమాతో ముద్రిస్తుంది. రెండో పొరపాటుకు మంచి సందు కూడా ఉంది. ఎక్సెల్‌లో 'లాగ్' అని రాస్తే వచ్చేది దశాంశ సంవర్గమానం. ఫోర్ట్రాన్‌లో, మాట్‌ల్యాబ్‌లో, పైథాన్‌లో అదే పేరుతో వచ్చేది సహజ సంవర్గమానం. గురువుగారి ఎక్సెల్ షీట్‌లోని సూత్రాన్ని విద్యార్థి పైథాన్‌లోకి అక్షరాలా ఎత్తి రాస్తే ఎక్కడా ఎర్రర్ రాదు. జవాబు మాత్రం మారిపోతుంది.

అసలు ఈ భాషలు ఏ అవసరం తీర్చడానికి పుట్టాయో చూస్తే, ఈ లోపం ఎందుకు మిగిలిపోయిందో అర్థమవుతుంది. 1954లో ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం ఫోర్ట్రాన్ పని మొదలుపెట్టింది. 1957లో అది ఐబీఎం 704 యంత్రం మీద వాడకంలోకి వచ్చింది. అప్పటికి యంత్రం అద్దెతో పోటీపడేంత ఖర్చు ప్రోగ్రాం రాసి, తప్పులు దిద్దే మనుషుల మీదే అవుతోంది. ఆ ఖర్చు తగ్గించడం లక్ష్యం. అయితే చేత్తో రాసిన యంత్రభాష కన్నా నెమ్మదిగా నడిస్తే శాస్త్రవేత్తలు దాన్ని ముట్టుకోరని బృందానికి తెలుసు. అందుకే వాళ్ల శ్రమలో పెద్ద వాటా భాష అందచందాల మీద కాక, వేగంగా నడిచే కోడ్‌ను పుట్టించే కంపైలర్ మీద పోయింది. భాషను నడుస్తూ నడుస్తూ తయారుచేశామన్న అర్థంలో బ్యాకస్ తర్వాత చెప్పాడు. అలా తయారైనా గణితం అలవాట్లు అందులో గట్టిగా దిగాయి. ఐ నుంచి ఎన్ వరకు ఉన్న అక్షరాలతో మొదలయ్యే పేర్లు పూర్ణాంకాలని, మిగతావి దశాంశ సంఖ్యలని భాష తనంతట తానే అనుకునేది. గణిత పుస్తకాల్లో సూచికలకు ఆ అక్షరాలే వాడటం దానికి మూలం. శ్రేణుల లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది, మాత్రికలో మొదటి వరుసను మొదటిదే అంటారు కాబట్టి. తర్వాత వచ్చిన సీ, పైథాన్ సున్నా నుంచి లెక్కపెడతాయి. అది మెమరీ చిరునామాల లెక్క. మాత్రికల లెక్కల్లో పెరిగిన మనిషి ఈ ఒక్క అంకె తేడాతో నేటికీ తడబడుతూనే ఉంటాడు.

ఫోర్ట్రాన్ వెంటే వచ్చిన ఆల్గోల్ 60 భాషగా చాలా మెరుగైనది. వాక్య నిర్మాణాన్ని స్పష్టమైన వ్యాకరణంతో నిర్వచించారు, ఆ వ్యాకరణ పద్ధతికి బ్యాకస్ పేరే స్థిరపడింది. తర్వాతి భాషలన్నీ దానికి రుణపడ్డాయి. అయినా ప్రయోగశాలల్లో ఫోర్ట్రానే నిలిచింది. ఎందుకు? ఆల్గోల్ 60 నిర్వచనంలో డేటాను లోపలికి తీసుకునే, ఫలితాన్ని బయటికి ముద్రించే ఏర్పాటే లేదు. దాన్ని ఏ యంత్రానికి ఆ యంత్రం చూసుకోవాలని వదిలేశారు. కొలతల పట్టిక లోపలికి రాని, జవాబు బయటికి పోని భాషతో లోహశాస్త్రజ్ఞుడికి ఏం పని? ఫోర్ట్రాన్‌లో సంకీర్ణ సంఖ్యలు త్వరలోనే చేరాయి. సీ భాషకు అవి 1999 ప్రమాణంతో గానీ రాలేదు. ఒక సబ్‌రొటీన్‌కు పంపిన రెండు శ్రేణులు మెమరీలో ఒకదాని మీద ఒకటి పడవని ఫోర్ట్రాన్ ముందే అనుకుంటుంది. ఆ భరోసాతో కంపైలర్ లూపులను ధైర్యంగా వేగవంతం చేస్తుంది. సీలో ప్రోగ్రామర్ అదే భరోసాను తానుగా రాసి ఇచ్చే వీలు కూడా 1999లోనే వచ్చింది. చెప్పొచ్చేదేమిటంటే, భాషల పండితులు కొలిచే సొగసు వేరు, ప్రయోగశాల కొలిచే అక్కర వేరు. భారతదేశంలోనూ మొదటి తరం శాస్త్రీయ గణన ఈ దారినే నడిచింది. 1963లో ఐఐటీ కాన్పూర్‌కు ఐబీఎం 1620 వచ్చింది. 1967లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఈసీఐఎల్ టీడీసీ శ్రేణి కంప్యూటర్లు చేసింది. వి. రాజారామన్ ఫోర్ట్రాన్ పాఠ్యపుస్తకం తరాల ఇంజనీరింగ్ విద్యార్థుల చేతుల్లో నలిగింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ తప్పకుండా వస్తుంది. ఇదంతా పాతకాలపు ముచ్చట, ఫోర్ట్రాన్ ఇంకా బతికి ఉండటం శాస్త్రవేత్తల బద్ధకానికి గుర్తు మాత్రమే అంటారు. బద్ధకం కొంత ఉన్నా, అసలు కారణం అది కాదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సముద్రపు అలలకు, ప్రవాహాలకు రోజువారీ అంచనాలు ఇస్తుంది. కోస్తా జాలర్లు వేటకు పోవాలో వద్దో తేల్చుకునే సమాచారమది. అక్కడ వాడే రామ్స్, వేవ్‌వాచ్-3 నమూనాలు రెండూ ఫోర్ట్రాన్‌లో రాసినవే. లోహపు ముక్క వంగే తీరును లెక్కించే అబాకస్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త మిశ్రమలోహం స్వభావాన్ని చేర్చాలంటే యూమాట్ అనే సబ్‌రొటీన్ రాయాలి, దాన్ని రాసేది సాధారణంగా ఫోర్ట్రాన్‌లోనే. పైథాన్‌లో ఒక్క లైనుతో సమీకరణాల వ్యవస్థను సాధించే విద్యార్థి, తనకు తెలియకుండానే డీజీఈఎస్‌వీ అనే ఫోర్ట్రాన్ వారసత్వపు రొటీన్‌ను పిలుస్తున్నాడు. మొదటి అక్షరం రెట్టింపు కచ్చితత్వానికి, తర్వాతి రెండు సాధారణ మాత్రికకు, చివరి రెండు సాధించడానికి గుర్తు. పేరు ఇంత కురచగా ఉండటానికి కారణం, పాత ఫోర్ట్రాన్ ప్రమాణంలో పేరుకు ఆరక్షరాలకు మించి చోటు లేకపోవడం. 1970ల్లోని మాత్రికల లైబ్రరీలు ఐస్‌ప్యాక్, లిన్‌ప్యాక్, ఆ రెంటినీ కలిపి 1992లో వచ్చిన లాప్యాక్, ఈ వరుసలో దశాబ్దాల పరీక్ష ఇమిడి ఉంది. దాదాపు విలోమం లేని స్థితికి చేరే మాత్రికలు, సున్నాకు దగ్గరపడే భాజకాలు, అన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో ఎదుర్కొని సరిదిద్దినవి. వీటి నిర్మాణంలో ముఖ్యుడైన జాక్ డోంగారాకు 2021 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఇలాంటి కోడ్‌ను కొత్త భాషలో మళ్లీ రాయడమంటే, ఆ తప్పులన్నీ మళ్లీ చేసి మళ్లీ నేర్చుకోవడమే.

పాత కోడ్‌ను పారేయకుండా దాని మీద మెత్తటి తొడుగు వేయడం తర్వాతి అడుగు. 1970ల చివర క్లీవ్ మోలర్ తన విద్యార్థులు ఫోర్ట్రాన్ రాయకుండానే లిన్‌ప్యాక్, ఐస్‌ప్యాక్‌లను వాడుకోవడానికి మాట్‌ల్యాబ్ చేశాడు. దానిలో మొదట ఉన్న ఒకే ఒక డేటా రకం మాత్రిక. ఒక అంకె కూడా ఒక వరుస, ఒక నిలువు ఉన్న మాత్రికే. సమీకరణాల వ్యవస్థను సాధించడానికి వెనక్కి వాలిన ఒక గీత చాలు. కార్డులు గుద్ది, మరునాటిదాకా ఆగిన తరానికి ఇది ఎంత విడుదలో ఊహించుకోవచ్చు. 1984లో అది కంపెనీ సరుకైంది, లైసెన్సు ధర కూడా వెంట వచ్చింది. ఆ ధర భరించలేని కళాశాలలకు ఆసరా అయినవి ఫ్రాన్స్‌లో పుట్టిన సైల్యాబ్, అమెరికాలో జాన్ ఈటన్ రాసిన ఆక్టేవ్. ఆక్టేవ్ పుట్టింది రసాయన రియాక్టర్ల రూపకల్పన పాఠ్యపుస్తకానికి తోడుగా. పేరు సంగీతంలోని అష్టకం నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది ఈటన్‌కు రసాయన ఇంజనీరింగ్ చెప్పిన గురువు ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ పేరు. మన దేశంలో ఐఐటీ బొంబాయి ఫోసీ ప్రాజెక్టు, పాఠ్యపుస్తకాల్లోని సాధించిన లెక్కలను సైల్యాబ్ కోడ్‌గా మార్చి ఉచితంగా అందుబాటులో పెట్టింది. అదే సంస్థ స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలను తెలుగుతో సహా భారతీయ భాషల్లో చెప్పించింది. ఆదిత్యపూర్ లాంటి ఊళ్లలో పరిశోధక విద్యార్థికి ఏ భాష గొప్పది అన్న ప్రశ్న కన్నా ముందు ఏది డబ్బు లేకుండా, నెట్ సరిగా లేని హాస్టల్ గదిలో కూడా నడుస్తుంది అన్న ప్రశ్న వస్తుంది. భాషల రూపకల్పన గురించిన చర్చల్లో ఈ సంగతికి చోటు దొరకడం అరుదు.

పైథాన్ కథ ఇంకా ఆసక్తికరం. 1991లో గీడో వాన్ రోసమ్ దాన్ని విడుదల చేసినప్పుడు అది శాస్త్రవేత్తల కోసం చేసింది కాదు. 1995 ప్రాంతంలో కొందరు పరిశోధకులు దానికి న్యూమరిక్ అనే శ్రేణుల ప్యాకేజీ తగిలించారు. శ్రేణిలో రెండో గడి, నాలుగో గడి అంటూ అడుగు దూరంతో ముక్కలు కోసుకునే వ్యాకరణాన్ని భాషలోకి తెప్పించింది వాళ్ల అవసరమే. 2006లో ట్రావిస్ ఆలిఫెంట్ నమ్‌పైతో ఆ ప్రయత్నాలన్నీ ఒక దారికొచ్చాయి. గ్రాఫులకు జాన్ హంటర్ మ్యాట్‌ప్లాట్‌లిబ్, ఒక్కో లైను కొట్టి చూసుకోవడానికి ఫెర్నాండో పెరెజ్ ఐపైథాన్ చేశారు. ఐపైథాన్ నుంచే 2014లో జూపిటర్ నోట్‌బుక్ వచ్చింది. హంటర్ నాడీశాస్త్ర పరిశోధకుడు, పెరెజ్ భౌతికశాస్త్రం చదివినవాడు. పనిముట్టును వాడేవాడే చేసుకోవడం ఈ చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. 2015లో పైథాన్ 3.5 మాత్రికల గుణకారానికి ఈమెయిల్ చిరునామాలో వాడే 'ఎట్' గుర్తును కేటాయించింది. భాష సొంత లైబ్రరీలో దేనికీ ఆ గుర్తు అక్కర్లేదు. మాత్రికలు గుణించేవాళ్ల కోసమే దాన్ని భాషలో పెట్టారు. అంతకుముందు నాలుగు మాత్రికల లబ్ధం రాయాలంటే బ్రాకెట్లలో బ్రాకెట్లు పెట్టి 'డాట్' అని మూడుసార్లు పిలవాల్సి వచ్చేది. పుస్తకంలోని సూత్రంతో పోల్చి చూసుకోవడానికి కళ్లు తిరిగేవి. ఒక్క గుర్తు చేసిన మేలు అది: తప్పు ఉంటే కంటికి కనబడేట్టు చేసింది.

అక్షరాల మాట వచ్చింది కాబట్టి ఒక పక్క ముచ్చట. 2008లో వచ్చిన పైథాన్ 3లో చరరాశుల పేర్లను ఇంగ్లిషులోనే రాయాలన్న నియమం పోయింది. 'ప్రతిబలం' అనో, 'ఉష్ణోగ్రత' అనో పేరు పెట్టి తెలుగులో కోడ్ రాస్తే అది నడుస్తుంది. జూలియా అనే కొత్త భాషలోనైతే ప్రతిబలానికి పుస్తకాల్లో వాడే గ్రీకు అక్షరం సిగ్మానే పెట్టుకోవచ్చు, లోహశాస్త్రం వాళ్లకు అది పెద్ద సుఖం. కానీ పైథాన్‌లో 'సాఫ్ట్‌వేర్' అని పేరు పెట్టి చూడండి. ట్ పొల్లు పక్కన వ నిలబడటానికి మనం టైపు చేసే కంటికి కనబడని విభాజకం దగ్గర భాష ఆగిపోయి, చెల్లని అక్షరం అంటుంది. అక్షరదోషం కంటికి కనబడదు, ఎర్రర్ మాత్రం వస్తుంది. తెలుగు రాత తీరు తెలిసినవాళ్లు ఆ నియమం రాసే బల్ల దగ్గర లేరని దీన్నిబట్టి అనుకోవాల్సి వస్తుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ సౌలభ్యం గెలిచిన సందర్భాలు. సౌలభ్యం వల్ల జరిగిన నష్టాలూ పరిశోధన పత్రాల్లోనే నమోదై ఉన్నాయి. 1999 సెప్టెంబరు 23న అంగారక గ్రహం చేరిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌక నాశనమైంది. ఒక ప్రోగ్రాం తోపుడును పౌండ్ల లెక్కలో ఇచ్చింది, అందుకున్న ప్రోగ్రాం న్యూటన్ల లెక్క అనుకుంది. రెంటికీ తేడా నాలుగున్నర రెట్లు. 2006లో అమెరికాలో ప్రోటీన్ల నిర్మాణం మీద పనిచేసే జెఫ్రీ చాంగ్ అయిదు పత్రాలను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ప్రయోగశాలలో వాడుతున్న ఒక సొంత ప్రోగ్రాం రెండు నిలువు వరుసల డేటాను తారుమారు చేయడంతో, అణువు ఎడమ కుడిగా, కుడి ఎడమగా తిరగబడింది. ఎక్సెల్ సంగతి మరీ విచిత్రం. 'సెప్ట్2', 'మార్చ్1' అనే జన్యువుల పేర్లను అది సెప్టెంబరు 2, మార్చి 1 తేదీలుగా మార్చేసేది. 2016లో వచ్చిన ఒక పరిశీలనలో, జన్యువుల జాబితాలను ఎక్సెల్‌లో జతచేసిన పత్రాల్లో దాదాపు అయిదో వంతులో ఇలాంటి తప్పులు దొరికాయి. చివరికి 2020లో ఎక్సెల్ మారలేదు, జన్యువుల పేర్లే అధికారికంగా మారాయి. పనిముట్టుకు తగ్గట్టు శాస్త్రం తన నామకరణాన్నే దిద్దుకోవడం కన్నా ఈ సంబంధంలో ఎవరిది పైచేయో చెప్పే రుజువు మరొకటి అక్కర్లేదు.

దీనికి ఎక్కువమంది చెప్పే పరిష్కారం క్రమశిక్షణ. శాస్త్రవేత్తలు సరిగా ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి, పరీక్షలు రాయాలి, కోడ్ మార్పులకు గిట్ అనే పనిముట్టులో లెక్క ఉంచాలి, తప్పు పనిముట్టుది కాదు అంటారు. 1998లో గ్రెగ్ విల్సన్, బ్రెంట్ గోర్డా మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ శిక్షణలు ఈ నమ్మకంతో పుట్టినవే, వాటి మేలును కాదనలేం. కానీ ఈ వాదనకు రెండు చోట్ల గండి ఉంది. ప్రోగ్రాంను పరీక్షించాలంటే సరైన జవాబు ముందే తెలిసి ఉండాలి. జీతాల లెక్కకు అది తెలుసు. కొత్త మిశ్రమలోహం క్రీప్ ఆయుష్షు ఎంతో తెలిస్తే పరీక్ష ఎందుకు పెట్టినట్టు? తెలిసిన సరళమైన సందర్భాలతో సరిచూసుకోవచ్చు, అది అవసరం కూడా. అయినా పైన చెప్పిన సంవర్గమానం పొరపాటు సరళమైన సందర్భంలోనూ నమ్మబలుకుతుంది. రెండో గండి ఆదిత్యపూర్ ప్రెస్ షాపుల్లో కనిపిస్తుంది. పవర్ ప్రెస్ దిగాలంటే రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కాలన్న ఏర్పాటు ఉంటుంది, చెయ్యి డై కింద ఉండగా యంత్రం కదలకూడదని. కార్మికుడికి శిక్షణ ఇచ్చాం కాబట్టి ఆ బటన్లు తీసేద్దామని ఏ భద్రతాధికారీ అనడు. ప్రోగ్రామింగ్ పనిముట్ల విషయంలో మాత్రం ఆ మాట తేలిగ్గా అనేస్తాం.

మరి ప్రమాణాలు తెలిసిన కొత్త భాషనే తయారుచేయకూడదా అంటే, చేశారు. 2010లో ఎఫ్ షార్ప్ భాషలో కొలత ప్రమాణాలు భాగమయ్యాయి. మీటర్లకు సెకన్లు కలపబోతే ప్రోగ్రాం కంపైలే కాదు, నడిచేటప్పుడు వేగం కూడా తగ్గదు. సన్ సంస్థలో గై స్టీల్ బృందం ఫోర్ట్రెస్ అనే భాషను గణిత పుస్తకంలా కనబడే రాతతో, ప్రమాణాలతో సహా రూపొందించింది. కాగితం మీద శాస్త్రవేత్త కోరినవన్నీ అందులో ఉన్నాయి. 2012లో దాన్ని నిలిపేశారు. ఎఫ్ షార్ప్ బతికే ఉంది కానీ ప్రయోగశాలల్లో అడుగుపెట్టలేదు. లాప్యాక్, గ్రాఫులు, పక్క గదిలో అడిగితే చెప్పే మనిషి, ఇవి లేని భాషకు ఎన్ని సుగుణాలున్నా ఎవరూ కాపురానికి రారు. ఈ పాఠాన్ని బాగా వంటబట్టించుకున్నది 2012లో నలుగురు ప్రకటించిన జూలియా. వాళ్లలో వైరల్ షా భారతీయుడు. ప్రోటోటైపు పైథాన్‌లో రాసి, వేగం కోసం మళ్లీ సీలో రాసే రెండు భాషల బాధను తీర్చడం దాని ధ్యేయం. ప్రమాణాల ప్యాకేజీ ఒకరు, కొలత దోషాల ప్యాకేజీ ఇంకొకరు, అవకలన సమీకరణాల ప్యాకేజీ మరొకరు విడివిడిగా రాసినా అవి కలిసి పనిచేయగలగడం జూలియాలో నిజంగా కొత్త సంగతి. అయినా ప్రమాణాలు అక్కడ కూడా కోరుకున్నవాడు తగిలించుకునే ప్యాకేజీయే, పైథాన్‌లోని పింట్ లాగే.

ప్రమాణాల తనిఖీ మీద లోహశాస్త్రం వాళ్లే లేవనెత్తగల ఆక్షేపణ ఒకటుంది, అది అన్నిటికన్నా బలమైనది. లార్సన్-మిల్లర్ సూత్రం ప్రమాణాల నియమాన్నే పాటించదు. గంటలకు సంవర్గమానం తీయడం శాస్త్రీయంగా అర్థంలేని పని, సంవర్గమానం ఉత్త సంఖ్యకే ఉంటుంది. కచ్చితమైన తనిఖీ పెడితే ఆ సూత్రాన్నే భాష తిప్పికొడుతుంది. ఇంజనీరింగ్‌లో ఇలాంటి అనుభవ సూత్రాలు కోకొల్లలు. ఇది నిజమే, కానీ తనిఖీ తిప్పికొట్టిన చోటే అసలు సంగతి బయటపడుతుంది. అందులోని 20 అనే అంకె కాలాన్ని గంటల్లో తీసుకుంటేనే చెల్లుతుంది. కాలాన్ని సెకన్లలో పెడితే ఆ స్థానంలో 16.44 రావాలి, ఎందుకంటే 3600 దశాంశ సంవర్గమానం 3.56. కాలాన్ని ఒక గంటతో భాగించి సంవర్గమానం తీయమని రాయించే భాష, సూత్రంలో దాగిన ఆ ఒప్పందాన్ని రాసేవాడి చేతే చెప్పిస్తుంది. అదనంగా కొట్టాల్సింది నాలుగక్షరాలు. ఆ నాలుగక్షరాలను నొప్పి లేకుండా రాయించగలగడమే రూపకర్తల ముందున్న పని, అది తేలికదని అనలేం.

కాలం సంగతి కూడా ఉంది. లక్ష గంటల క్రీప్ పరీక్ష అంటే పదకొండేళ్లకు పైన. పైథాన్ 2.7 విడుదలైన 2010 జూలైలో ఒక నమూనాను కొలిమిలో పెట్టి, రీడింగులు చదివే స్క్రిప్టును ఆ రోజే రాసి ఉంటే, పరీక్ష ముగిసేది 2021 చివర్లో. ఆ లోపల 2020 జనవరి 1తో పైథాన్ 2 కథ ముగిసింది. ముక్క ఇంకా తెగలేదు, భాష తెగింది. వ్యాపార సాఫ్ట్‌వేర్‌కు పదేళ్లంటే మూడు తరాలు, లోహానికి ఒక పరీక్ష. ఫోర్ట్రాన్ 77లో రాసిన కోడ్ నేటికీ కంపైల్ అవుతుందంటే దాన్ని వెనుకబాటుతనం అనడం కన్నా, ఈ రంగానికి ఏం కావాలో తెలిసిన స్థిరత్వం అనడం న్యాయం. ఇప్పుడు కృత్రిమ మేధ అడిగిన వెంటనే కోడ్ రాసిస్తోంది కదా, ఇక భాష ఏదైతేనేం అనేవాళ్లున్నారు. రాసే శ్రమ తగ్గిన మాట వాస్తవం. 'లాగ్' అంటే ఏ సంవర్గమానమో ఎక్సెల్ షీట్‌ను చూసి అది కూడా ఊహించాల్సిందే. మనిషి రాయని కోడ్‌ను మనిషి నమ్మాలంటే, కోడ్‌లోనే ప్రమాణం, మూలం చెప్పి ఉండటం మునుపటికన్నా ముఖ్యమవుతుంది.

ఇది సాధ్యమేనా అంటే, సముద్ర శాస్త్రజ్ఞులు కొంతవరకు సాధించారు, అదీ భాష జోలికి పోకుండా. వాళ్ల డేటా ఎక్కువగా నెట్‌సీడీఎఫ్ ఫైళ్లలో ఉంటుంది. ప్రతి రాశి పక్కన దాని ప్రమాణం, ప్రామాణిక పేరు రాసి ఉంటాయి. ఫైలును కోసి, సగటు తీసిన పనిముట్లలో చాలావరకు తాము చేసిన పనిని, తేదీతో సహా, 'హిస్టరీ' అనే గడిలో చేర్చిపోతాయి. చదివే ప్రోగ్రాం ఫోర్ట్రాన్ అయినా పైథాన్ అయినా ఆ సమాచారం ఫైలుతోనే ప్రయాణిస్తుంది. ఉక్కు లోకానికి ఈ ఆలోచన కొత్తేమీ కాదు, హీట్ నంబర్ అదే. కొలిమిలో ఒక్కసారి కరిగించి పోసిన ఉక్కంతటికీ ఒకే నంబరు. కడ్డీ మీద ఆ నంబరు కొట్టి ఉంటుంది, టెస్ట్ సర్టిఫికెట్‌లో అదే నంబరు పక్కన కార్బన్, మాంగనీస్, గంధకం శాతాలుంటాయి. ఫోర్జింగ్ షాపులో ముక్క పగిలితే ముందు అడిగేది ఆ నంబరే. ఆ ముక్కల పరీక్షల ఫలితాలు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా పీడీఎఫ్‌లుగా, ఎక్సెల్ షీట్లుగానే చేతులు మారుతుంటాయి. అంకెల మధ్యలో 'ఈ' అక్షరం ఉన్న హీట్ నంబర్‌ను, ఉదాహరణకు 42ఈ07 అని ఇంగ్లిషు అక్షరంతో ఎక్సెల్ గడిలో కొడితే, అది దాన్ని 42 పక్కన ఏడు సున్నాలున్న అంకెగా చదివి నలభై రెండు కోట్లు చేస్తుంది. ముందు సున్నాలుంటే వాటిని మింగేస్తుంది. ఇలా తనంతట తాను మార్చే పనిని ఆపుకునే వీలును మైక్రోసాఫ్ట్ 2023లో ఇచ్చింది. అందుకు వాడేవాళ్లు సెట్టింగుల్లోకి వెళ్లి ఆ టిక్కులు తామే తీసేయాలి.